సక్షన్ 120 అనే మంత్రం: కొత్త డక్టబుల్ ఏసీలో గ్యాస్ సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విజయవాడలో ఒక బట్టల దుకాణానికి 11 టన్నుల డక్టబుల్ ఏసీలు (చల్లగాలిని డక్టు గొట్టాల ద్వారా పంచేవి) రెండు కొత్తగా బిగించారు. గ్యాస్ ఆర్-410ఏ. అవుట్‌డోర్ యూనిట్లు మేడ మీద, ఇండోర్ యూనిట్లు మొదటి అంతస్తులో, మధ్యలో పైపు 22 మీటర్లు. ఉదయం పూట సక్షన్ గేజి, అంటే కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ పీడనం చూపే గేజి, 120 పీఎస్‌ఐ (పీడనం కొలత) చూపేదాకా గ్యాస్ ఎక్కించారు. మధ్యాహ్నం రెండు గంటలకు హై ప్రెషర్ స్విచ్ యంత్రాన్ని ఆపేసింది. కొంత గ్యాస్ గాలిలోకి వదిలేస్తే ట్రిప్ కావడం ఆగింది గానీ, సక్షన్ 95కు దిగి ఇండోర్ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు కట్టింది. మళ్లీ ఎక్కించారు, మళ్లీ ట్రిప్. మూడు రోజులుగా ఇదే వరస. "సక్షన్ ఎంతకు పెట్టాలో ఒక్క అంకె చెప్పండి చాలు" అంటున్నారు.

ఆ అంకె లేదు. నా దగ్గర ఉంచుకుని దాచడం కాదు, అసలు లేదు. 120 ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పగలను. ఆర్-22 రోజుల్లో మేమంతా 68 అనే మంత్రం జపిస్తూ తిరిగేవాళ్లం. ఆర్-22 సుమారు 68 పీఎస్‌ఐ దగ్గర నాలుగున్నర డిగ్రీల సెల్సియస్‌లో మరుగుతుంది. కాయిల్ ఆ ఉష్ణోగ్రతలో ఉంటే మంచు కట్టదు, గదీ చల్లబడుతుంది. అదే ఉష్ణోగ్రతకు ఆర్-410ఏ పీడనం 118. గ్యాస్ మారింది, గేజి మారింది, 68 కాస్తా 120 అయింది. మంత్రం మాత్రం గురువుల నుంచి శిష్యులకు అలాగే సంక్రమిస్తోంది.

ఎసరు మరుగుతున్నప్పుడు అందులో థర్మామీటరు ముంచండి. చిన్న గిన్నె అయినా, పెళ్లివంటల గుండిగ అయినా ఒకటే అంకె చూపుతుంది. ఆ అంకెను బట్టి లోపల ఎన్ని నీళ్లున్నాయో చెప్పగలరా? సక్షన్ గేజి చెప్పేదీ అంతే. కాయిల్ లోపల గ్యాస్ ఎంత వేడిమి దగ్గర మరుగుతోందో చెబుతుంది, ఎంత గ్యాస్ ఉందో చెప్పదు. ఆ మరిగే వేడిమి కాయిల్ మీదుగా ఎంత గాలి వెళ్తోంది, ఆ గాలిలో తేమ ఎంత, దుకాణంలో ఎందరున్నారు, మేడ మీద ఎండ ఎంత అన్నవాటిని బట్టి మారుతూ ఉంటుంది. ఉదయం 120 వచ్చిన యంత్రం సాయంత్రం 135 చూపవచ్చు, రెండూ సరైనవే కావచ్చు.

ఈ మాట నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. 1990ల చివర గుంటూరులో ఒక కల్యాణ మండపానికి ఆర్-22 ప్యాకేజీ యూనిట్లు బిగించాం. మర్నాటి ఉదయం ముహూర్తం. ఒక యూనిట్‌లో సక్షన్ 50 దాటడం లేదు. నేను గ్యాస్ ఎక్కించాను, 55 అయింది. ఇంకా ఎక్కించాను, హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ బయటికి తోసే వైపు పీడనం) పెరుగుతోంది గానీ సక్షన్ కదలదు. ఒక సిలిండర్ అయిపోయింది, రెండోది తెరిచాను. రాత్రి పదకొండు గంటలకు మండపం ఎలక్ట్రీషియన్, ముసలాయన, పక్కన నిలబడి చూసి, "బాబూ, ఆ బెల్టు అటు తిరగాలా, ఇటు తిరగాలా?" అన్నాడు. బ్లోయర్ (గాలి తోసే ఫ్యాన్) తలకిందులుగా తిరుగుతోంది. ఇలాంటి బ్లోయర్ తిరగబడితే గాలి రావడం ఆగిపోదు, అదే దిక్కుకు, బాగా తక్కువగా వస్తుంది. గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతుంది కాబట్టి అనుమానం రాదు. రెండు వైర్లు మార్చాక సక్షన్ ఒక్కసారిగా లేచింది. ఆ తర్వాత నేను ఎక్కించిన గ్యాస్ అంతా వెనక్కి తీయడానికి తెల్లవారింది. పెళ్లివాళ్లు నాకు టిఫిన్ పెట్టారు, అది వేరే సంగతి.

మీరు ఇచ్చిన అంకెలు చూస్తుంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తోంది. మేడ మీద 41 డిగ్రీలు ఉండగా రెండో యంత్రంలో సక్షన్ 110, డిశ్చార్జి (హెడ్ ప్రెషర్) 540, సక్షన్ పైపు వేడి 5 డిగ్రీలు, లిక్విడ్ పైపు (మేడ మీది యూనిట్ నుంచి ద్రవం వచ్చే పైపు) 46 డిగ్రీలు అన్నారు. పైపుల వేడిమి కూడా రాసినందుకు మెచ్చుకోవాలి, చాలామంది అది రాయరు. ఇప్పుడు దీన్ని చదువుదాం.

ఆర్-410ఏకు 110 పీఎస్‌ఐ అంటే మరిగే వేడిమి సుమారు 2 డిగ్రీలు. పైపు 5 డిగ్రీలు. తేడా 3. దీన్నే సూపర్‌హీట్ అంటాం: కాయిల్‌లో ద్రవమంతా ఆవిరైపోయాక ఆ ఆవిరి ఇంకా ఎంత వేడెక్కిందో చెప్పే కొలత. ఇది ఎక్కువైతే ద్రవం కాయిల్ సగంలోనే అయిపోతోందని అర్థం. బాగా తక్కువైతే ద్రవం కంప్రెసర్ గుమ్మం దాకా వస్తోందని అర్థం. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి ద్రవాన్ని కావలసినంతే వదిలే వాల్వ్) ఉన్న యంత్రంలో కాయిల్ చివర 5 నుంచి 7 డిగ్రీలు ఉంటే నాకు నిద్ర పడుతుంది. ఇక రెండో వైపు: 540 పీఎస్‌ఐ అంటే గ్యాస్ ద్రవంగా మారే వేడిమి సుమారు 60 డిగ్రీలు. లిక్విడ్ పైపు 46. తేడా 14. ఇది సబ్‌కూలింగ్, అంటే ద్రవంగా మారాక కండెన్సర్‌లోనే (మేడ మీది యూనిట్‌లో వేడి వదిలే కాయిల్‌లోనే) ఇంకా ఎంత చల్లబడిందో తెలిపే కొలత. కండెన్సర్ అడుగున ద్రవం ఎంత నిలవ ఉంటే ఇది అంత పెరుగుతుంది. యంత్రం తలుపు లోపలి పట్టీ మీద తయారీదారు ఒక అంకె ఇస్తారు. ఇవ్వకపోతే 5 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతాను. 14 అంటే నిలవ ఎక్కువైంది.

ఇంకొకటి, 60 డిగ్రీలకూ మేడ మీది 41కీ మధ్య తేడా 19. గాలితో చల్లబడే కండెన్సర్ శుభ్రంగా ఉండి, గాలి ధారాళంగా ఆడుతుంటే ఈ తేడా 10 నుంచి 15 దాకా ఉంటుంది.

మూడింటినీ కలిపి చూడండి. గ్యాస్ తక్కువైతే సక్షన్ తగ్గుతుంది, నిజమే. కానీ సూపర్‌హీట్ పెరుగుతుంది, సబ్‌కూలింగ్ పడిపోతుంది. మీకు సక్షన్ తక్కువ, సూపర్‌హీట్ కూడా తక్కువ. కాయిల్‌కు వేడి అందడం లేదన్నమాట. అంటే గాలి తక్కువ. గాలి తక్కువైనందువల్ల సక్షన్ పడిపోతే, మీరు దాన్ని గ్యాస్ తక్కువ అనుకుని ఎక్కిస్తూ పోయారు. ఆ అదనపు గ్యాస్ కండెన్సర్‌లో చేరి కూర్చుంది, మధ్యాహ్నం ఎండకు హెడ్ ప్రెషర్ తన్నుకొచ్చింది. గ్యాస్ తీసేస్తే హెడ్ దిగింది గానీ అసలు రోగం అలాగే ఉంది కాబట్టి కాయిల్ సున్నా కిందికి పోయి మంచు కట్టింది. రెండు రోగాలు, ఒకటి యంత్రానిది, ఒకటి మనం పెట్టినది.

కాబట్టి సిలిండర్ పక్కన పెట్టి ముందు గాలి సంగతి చూడండి. 11 టన్నులకు టన్నుకు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) చొప్పున 4,400 సీఎఫ్‌ఎం గాలి కాయిల్ మీదుగా పోవాలి. బ్లోయర్ ఏ దిక్కుకు తిరుగుతోందో హౌసింగ్ మీది బాణం గుర్తుతో పోల్చండి. కరెంటు మీద ఒకసారి, జనరేటర్ మీద ఒకసారి. జనరేటర్ ఫేజుల వరస మెయిన్స్‌తో కలవని దుకాణాలు నేను చాలా చూశాను. కంప్రెసర్‌ను కాపాడటానికి రిలే ఉంటుంది, బ్లోయర్‌కు చాలాసార్లు ఉండదు. తర్వాత ఫిల్టర్లు. లోపల కార్పెంటరీ, సీలింగ్ పని సాగుతుండగానే ఏసీ నడిపి ఉంటే జిప్సం పొడి, చెక్క పొట్టు ఫిల్టర్‌ను దాటి కాయిల్ రెక్కల్లోకి చేరి ఉంటాయి. టార్చి వేసి కాయిల్‌కు గాలి లోపలికి వెళ్లే ముఖం చూడండి, బయటికి వచ్చే ముఖం కాదు. బట్టల దుకాణమంటే నూలు పీచు కూడా ఉంటుంది, ఫిల్టర్ పదిహేను రోజులకే దుప్పటిలా తయారవుతుంది. డక్టులో మూసి ఉన్న డంపర్లు, నలిగిన ఫ్లెక్సిబుల్ డక్టు, తిరుగు గాలికి చాలినన్ని గ్రిల్స్ లేని ఫాల్స్ సీలింగ్ కూడా చూడాలి. ఇంటీరియర్ చేసేవాళ్లకు తిరుగు గాలి గ్రిల్ అంటే అందానికి అడ్డం. దాని మీద వాళ్లతో గొడవ పడక తప్పదు, ముందే పడితే మేలు.

మేడ మీద కూడా ఒక చూపు. రెండు అవుట్‌డోర్ యూనిట్లు ఎదురెదురుగా పెట్టారా? ఒకటి వదిలిన వేడి గాలిని ఇంకొకటి పీల్చుకుంటుంది. ముందు వైపు దుకాణం బోర్డో, పండగ ఆఫర్ల ఫ్లెక్సీయో అడ్డంగా కట్టారా? 41 డిగ్రీలు అన్నది మీరు ఎక్కడ కొలిచారో నాకు తెలియదు. కండెన్సర్ కాయిల్‌కు ఒక జానెడు దూరంలో, గాలి లోపలికి పోయే చోట కొలవాలి. అక్కడ 48 ఉంటే 60 డిగ్రీల కండెన్సింగ్‌కు యంత్రాన్ని తిట్టడానికి లేదు.

ఇవన్నీ సరిచేశాక కూడా మీ యంత్రంలో ఎంత గ్యాస్ ఉందో ఎవరికీ తెలియదు, మీకూ తెలియదు. మూడు రోజులు ఎక్కించారు, వదిలారు. పైగా వాక్యూమ్ (పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేయడం) ఎంతసేపు పెట్టారో రాయలేదు. నా సలహా, ఉన్నదంతా రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి వెనక్కి తీసి మొదటి నుంచి మొదలుపెట్టండి. సిలిండర్‌ను 80 శాతానికి మించి నింపకండి. గాలిలోకి వదలకండి. ఆర్-410ఏ కిలో గాలిలో కలిస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన కీడు చేస్తుంది. కనీసం దాని ఖరీదు తలచుకున్నా చెయ్యి రాకూడదు.

ఖాళీ అయ్యాక లీకులు పట్టే నైట్రోజన్ పరీక్ష. పీడనం ఎంతన్నది యంత్రం పట్టీ మీద ఉంటుంది, దాన్ని దాటవద్దు. ఆర్-410ఏ పైపింగ్‌కు సాధారణంగా 500 పీఎస్‌ఐ దగ్గరలో పెడతారు. రెగ్యులేటర్ లేకుండా నైట్రోజన్ సిలిండర్ తెరవకండి. ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉందని, దాంతో పరీక్షించే ఆలోచన కలలో కూడా వద్దు. నూనె ఉన్న పైపులోకి ఒత్తిడితో ఆక్సిజన్ పంపితే పేలుతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఒక రాత్రంతా ఉంచి చూసేటప్పుడు వాతావరణం తేడా లెక్కలోకి తీసుకోండి. సాయంత్రం 30 డిగ్రీల దగ్గర 500 పెట్టి, ఉదయం 20 డిగ్రీల దగ్గర చూస్తే 483 ఉంటుంది. అది లీకు కాదు, నైట్రోజన్ చల్లబడి కుంచించుకోవడం. అదే వేడిమి దగ్గర 483 ఉంటే లీకే. సబ్బు నురగ పట్టుకుని ఫ్లేర్ నట్లు, బ్రేజింగ్ అతుకులు, సర్వీస్ వాల్వ్ పిన్నులు వెతకండి.

వాక్యూమ్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. "ముల్లు 30కి పోయింది, అరగంట పెట్టాం" అంటారు. ఆ గేజి మీద ఒక అంగుళం (పాదరసం) గీత అంటే 25,400 మైక్రాన్లు (లోపల మిగిలిన పీడనానికి సన్నటి కొలత). మనకు కావలసింది 500 మైక్రాన్ల లోపు. ఆ గీతలో యాభయ్యో వంతును ముల్లు చూపించలేదు, మన కన్ను చదవలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ పీడనమే దాదాపు 28 అంగుళాలు. సున్నా సరిగ్గా పెట్టిన గేజి అక్కడ పూర్తి వాక్యూమ్‌లో కూడా 28 దగ్గరే ఆగాలి. బెంగళూరులో 27 కూడా రాదు. "మాకు 30 వచ్చింది" అని హైదరాబాద్ నుంచి ఎవరైనా చెబితే ముందు ఆ గేజి మార్చమంటాను. మీది విజయవాడ కాబట్టి 30కి దగ్గరగా వస్తుంది, అయినా అది ఏమీ రుజువు చేయదు.

మైక్రాన్ గేజి కొనండి. దాన్ని పంపు దగ్గర కాదు, పంపుకు దూరంగా, యంత్రం వైపు తగిలించండి. సర్వీస్ వాల్వుల పిన్నులు తీసేసి, లావు గొట్టాలు వాడితే పని సగం సమయంలో అవుతుంది. 500 లోపుకు వచ్చాక పంపు వైపు వాల్వ్ మూసి పది పదిహేను నిమిషాలు చూడండి. అంకె మెల్లగా పెరిగి ఒక చోట ఆగితే లోపల తేమ ఇంకా ఉడుకుతోంది, పంపు మళ్లీ నడపండి. ఆగకుండా పెరుగుతూ పోతే లీకు. ఆర్-410ఏ యంత్రాల్లో వాడే నూనె తేమను దూదిలా పీల్చుకుంటుంది, ఒకసారి పీల్చుకుంటే వాక్యూమ్‌తో పూర్తిగా వదలదు. అందుకే పైపుల చివర్లు తెరిచి పెట్టి భోజనానికి వెళ్లే అలవాటు మానాలి. వాక్యూమ్ బదులు కాస్త గ్యాస్ వదిలి గాలిని తోసేస్తే చాలదా అని అడుగుతుంటారు. చాలదు.

వాక్యూమ్‌లో ఉండగా కంప్రెసర్ స్విచ్ వేయకండి, పంపుగా వాడకండి. లోపలి టెర్మినళ్ల దగ్గర నిప్పురవ్వ లేచి కంప్రెసర్ చస్తుంది.

ఇప్పుడు గ్యాస్, కాటా మీద తూచి. 11 టన్నుల డక్టబుల్ యంత్రాల్లో సాధారణంగా రెండు కంప్రెసర్లు, రెండు విడివిడి సర్క్యూట్లు (గ్యాస్ తిరిగే దారులు) ఉంటాయి. మీవీ అలాంటివైతే మొత్తం నాలుగు లెక్కలు. పట్టీ మీద ఉన్న బరువు ఎన్ని మీటర్ల పైపుకో మాన్యువల్‌లో ఉంటుంది; మిగిలిన మీటర్లకు లిక్విడ్ పైపు లావును బట్టి అదనంగా వేయాలి. అర అంగుళం లిక్విడ్ పైపుకు మీటరుకు 110 గ్రాముల దగ్గర పడుతుంది. ఉదాహరణకు పట్టీ బరువు 7.5 మీటర్లకు అయితే మీ 22 మీటర్లలో 14.5 మిగులుతాయి, అంటే ఇంకో 1.6 కిలోలు. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కొన్ని కంపెనీలు అవుట్‌డోర్ యూనిట్‌ను గ్యాస్‌తో కాక నైట్రోజన్‌తో నింపి పంపుతాయి. ఆ సంగతి చూడకుండా వాల్వులు తెరిచి, పైన గ్యాస్ ఎక్కించిన మహానుభావులున్నారు. మీ హెడ్ ప్రెషర్‌కు అదీ ఒక కారణం కావచ్చు, కాబట్టి పెట్టె మీది చీటీ ఒకసారి చదవండి.

ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి. యంత్రం ఆగి ఉండగా లిక్విడ్ వైపు నుంచి పీల్చుకున్నంత ఇవ్వండి. మిగిలినది యంత్రం నడుస్తుండగా సక్షన్ వైపు నుంచి, వాల్వ్ సన్నగా తెరిచి, కొంచెం కొంచెంగా.

నడిపే ముందు రోజే మెయిన్ స్విచ్ వేసి ఉంచండి. కంప్రెసర్ అడుగున హీటర్ పట్టీ కనీసం 12 గంటలు, వీలైతే 24 గంటలు వేడెక్కాలి. ఆగి ఉన్న కంప్రెసర్‌లో గ్యాస్ నూనెలో కరిగి ఉంటుంది; చల్లగా ఉండగా నడిపితే సోడా సీసా మూత తీసినట్టు పొంగి నూనెను బయటికి ఈడ్చుకుపోతుంది. చెయ్యి పెట్టి చూస్తే కంప్రెసర్ అడుగు గోరువెచ్చగా ఉండాలి. వోల్టేజీ మూడు ఫేజుల మధ్యా కొలవండి. 415, 408, 400 వచ్చాయనుకోండి. సగటు 407.7, అతి ఎక్కువ తేడా 7.7, అంటే 1.9 శాతం. రెండు శాతం దాటితే నేను నడపను. తేడా మూడు శాతమైతే మోటారు చుట్టల వేడి దాదాపు 18 శాతం పెరుగుతుంది. కంప్రెసర్ కాలిపోయాక గ్యాస్ తక్కువైందని మన మీదే పడుతుంది. స్క్రోల్ కంప్రెసర్ తలకిందులుగా తిరిగితే గరగరమని అరుస్తుంది, రెండు గేజిలూ దగ్గర దగ్గరగానే ఉండిపోతాయి. వెంటనే ఆపి రెండు ఫేజులు మార్చండి. ఫేజు రిలే ట్రిప్ అవుతోందని దాన్ని వైరుతో కలిపేసే పని దయచేసి చేయకండి.

నడిచాక పావుగంట ఏమీ చేయకుండా కూర్చోవాలి. ఇది అన్నిటికన్నా కష్టం. దుకాణం యజమాని వెనక నిలబడి ఉంటాడు, ఏదో ఒక వాల్వ్ తిప్పకపోతే పని చేయనట్టు ఉంటుంది. టీ తెప్పించుకోండి. పైపుల మీద థర్మామీటర్ క్లాంపులు బిగించి, వాటి మీద ఇన్సులేషన్ చుట్టి పెట్టండి. లేజర్ చుక్క పడే గన్ను మెరిసే రాగి మీద అబద్ధం చెబుతుంది. అదే దిక్కైతే పైపు మీద నల్ల టేపు అంటించి దాని మీద కొలవండి. చేత్తో తాకి చెప్పే నేర్పు నాకూ ఉండేది, రెండు డిగ్రీల తేడా చెయ్యి చెప్పలేదని డిజిటల్ క్లాంప్ వచ్చాక ఒప్పుకున్నాను. సక్షన్ పైపుకు చెమట పట్టిందంటే గ్యాస్ సరిపోయిందనే మాట కూడా వదిలేయండి. విజయవాడ ఉక్కపోతకు కూల్‌డ్రింక్ సీసాకూ చెమట పడుతుంది.

అంతా సరిగ్గా ఉంటే మీ యంత్రం మధ్యాహ్నం ఎలా ఉండాలో ఊహించి చెబుతాను. కండెన్సర్ కాయిల్ దగ్గర 41 డిగ్రీలు, తిరుగు గాలి 26. సక్షన్ 125 దగ్గర, అంటే మరిగే వేడిమి 6, పైపు 13, సూపర్‌హీట్ 7. డిశ్చార్జి 470 దగ్గర, అంటే 54, లిక్విడ్ పైపు 47, సబ్‌కూలింగ్ 7. పైపింగ్ మాన్యువల్ లెక్క ప్రకారం తూచి వేశాక అంకెలు దీనికి దగ్గరగా వస్తే సిలిండర్ మూసేయండి. సబ్‌కూలింగ్ రెండు మూడుకు పడిపోయి సూపర్‌హీట్ పెరిగితే 200 గ్రాముల చొప్పున ఇచ్చి, ప్రతిసారీ పదిహేను నిమిషాలు ఆగండి. సూపర్‌హీట్ ఎక్కువగా ఉండి సబ్‌కూలింగ్ కూడా ఎక్కువగా ఉంటే గ్యాస్ కాదు, దారిలో అడ్డం ఉంది. ఫిల్టర్ డ్రయ్యర్‌కు (ద్రవంలోని తేమ, చెత్త పట్టే డబ్బాకు) ముందూ వెనకా వేడిమి కొలవండి, రెండు డిగ్రీల తేడా ఉంటే అదే దొంగ. బ్రేజింగ్ చేసేటప్పుడు పైపులోంచి నైట్రోజన్ పారించకపోతే లోపల నల్లటి పొక్కు లేచి నేరుగా అక్కడికే చేరుతుంది. సూపర్‌హీట్ సున్నా దగ్గర ఆడుతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ బల్బు పైపుకు గట్టిగా కట్టి ఉందా, ఇన్సులేషన్ చుట్టారా చూడండి. ఊగుతున్న బల్బు వల్ల ద్రవం కంప్రెసర్‌కు కొట్టడం మామూలే.

ఆంపియర్లు చూసి గ్యాస్ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. పట్టీ మీది ఆంపియర్లు చేరుకోవలసిన గమ్యం కాదు. వోల్టేజీ తగ్గినా పెరుగుతాయి, ఎండ పెరిగినా పెరుగుతాయి.

సిస్టమ్‌లో గాలి ఉందన్న అనుమానం మీ యంత్రానికి వర్తిస్తుంది కాబట్టి, గ్యాస్ తీసే ముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. కంప్రెసర్ ఆపి, కండెన్సర్ ఫ్యాన్ మాత్రం నడిపించి, కాయిల్ వేడిమి బయటి గాలితో సమానమయ్యేదాకా ఆగండి. బయట 35 డిగ్రీలుంటే ఆర్-410ఏ గేజి 295 దగ్గర నిలవాలి. 310, 320 చూపితే లోపల గాలో నైట్రోజనో ఉంది. గాలి ఉన్నప్పుడు కూడా సబ్‌కూలింగ్ లెక్క పెద్దదిగానే వస్తుంది, అచ్చం గ్యాస్ ఎక్కువైనట్టే. కొంత గ్యాస్ తీసేస్తే పోయే రోగం కాదది. అందుకే మొత్తం తీసేయమన్నాను.

మీ ఊళ్లో ఇంకా పాత ఆర్-22 యంత్రాలు, క్యాపిలరీ లేదా పిస్టన్‌తో (ఎక్స్‌పాన్షన్ వాల్వ్ బదులు మారని సన్నటి దారితో) నడిచేవి చూస్తుంటారు కాబట్టి ఒక మాట. వాటిలో సూపర్‌హీట్ ఒకచోట నిలవదు, లోపలి తడి బల్బు వేడిమి (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది), బయటి ఎండ బట్టి మారాలి. నేను వాడే లెక్క: తడి బల్బు వేడిమికి ఒకటిన్నర రెట్లు, అందులోంచి బయటి వేడిమిలో సగం, ఇంకో 4.4 తీసేయాలి. లోపల తడి బల్బు 20, బయట 32 అయితే 9.6 డిగ్రీలు రావాలి. అదే లోపల 19, బయట 41 అయితే లెక్క 3.6కు దిగిపోతుంది. అంత సన్నటి అంచు మీద గ్యాస్ ఎక్కించడం కంప్రెసర్‌తో జూదం. మే నెల మధ్యాహ్నం ఆ పని పెట్టుకోకుండా మర్నాడు ఉదయం రండి. ఆర్-407సీ యంత్రమైతే సూపర్‌హీట్‌కు డ్యూ పాయింట్ (చివరి చుక్క ఆవిరయ్యే వేడిమి), సబ్‌కూలింగ్‌కు బబుల్ పాయింట్ (మొదటి బుడగ లేచే వేడిమి) చూడాలి. రెండింటికీ ఐదారు డిగ్రీల తేడా ఉంటుంది, ఒకటి బదులు ఇంకొకటి చదివితే లెక్కంతా తప్పుతుంది. వీఆర్‌ఎఫ్ యంత్రాల్లో (ఒకే అవుట్‌డోర్‌కు చాలా ఇండోర్ యూనిట్లు ఉండేవాటిలో) ఈ పద్ధతులేవీ పనికిరావు. పైపు పొడవు లెక్కగట్టి, తూచి, టెస్ట్ రన్ నడిపించడమే.

చివరగా, దుకాణం యజమాని ప్రతి వేసవికీ గ్యాస్ నింపించాలా అని మిమ్మల్ని అడిగారన్నారు. స్కూటర్‌లో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదని చెప్పండి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారేచోట నూనె మరక ఉంటుంది. ఫ్లేర్ నట్లు, వాల్వ్ పిన్నులు, మూతలు పెట్టకుండా వదిలేసిన సర్వీస్ పోర్టులు, మేడ మీద కోతులో పనివాళ్లో తొక్కిన పైపులు ముందు చూడండి.

బ్లోయర్ దిక్కు, ఫిల్టర్లు ఈ రోజే చూసి, ఆ తర్వాత నాలుగు సర్క్యూట్ల అంకెలూ విడివిడిగా, రెండు కంప్రెసర్లూ నడుస్తుండగా, గంటతో సహా రాయండి. అవే అంకెలు యంత్రం తలుపు లోపల కూడా ఒక కాగితం మీద అంటించండి. ఖాళీ దుకాణంలో తీసిన అంకెలు, ఆషాఢం సేల్ రద్దీలో తీసే అంకెలు ఒకటి కావు. ఆ రద్దీ రోజు సాయంత్రం మళ్లీ ఒకసారి వెళ్లి కొలవండి. సిలిండర్ మాత్రం బండిలోనే ఉండనివ్వండి.